నాన్నగారి కఫంలో చూడవలసింది ఏమిటి?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. దాదాపు 35 ఏళ్లు సిగరెట్లు కాల్చి, నాలుగేళ్ల క్రితం పూర్తిగా మానేశారు. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉందని డాక్టరు చెప్పగా ఇన్‌హేలర్లు వాడుతున్నారు. అయినా రోజూ పొద్దున్నే చాలాసేపు దగ్గితే గానీ తెమడ బయటకు రాదు. ఇలాంటి వారి కఫంలో ఇంటర్‌ల్యూకిన్-8, టీఎన్‌ఎఫ్, ఎలాస్టేజ్ వంటి వాపు కలిగించే రసాయనాలు ఎక్కువగా ఉంటాయని ఈ మధ్య చదివాను. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. పొగ మానేసి ఇన్నాళ్లయినా అవి ఎందుకు పోలేదు? అవి ఎంత ఉన్నాయో పరీక్ష చేయించాలా? ఒళ్లు నొప్పులకు వేసుకునే మాత్రలతో వాటిని తగ్గించవచ్చా? నాన్నగారు నలుగురిలో ఉన్నప్పుడు ఉమ్మడానికి మొహమాటపడి కఫాన్ని మింగేస్తారు; దానివల్ల అవి ఒంట్లో కలుస్తాయా? మా పాపను ఆయన ఒళ్లో కూర్చోబెట్టడానికి కూడా భయమేస్తోంది.
— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు చివర రాసిన మాటకే ముందుగా జవాబు చెబుతాను. పాపను నిశ్చింతగా తాతగారి ఒళ్లో కూర్చోనివ్వండి. మీరు చదివిన రసాయనాలు అంటుకునేవి కావు; అవి మీ నాన్నగారి ఒంట్లోని కణాలే తయారుచేసుకున్న ప్రోటీన్లు. అంటుకునేవి సూక్ష్మజీవులు మాత్రమే. ఆయనకు జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో దగ్గేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం ఎవరికైనా ఉండవలసిన జాగ్రత్తే. దగ్గు తీరు మారి రెండు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నా, సాయంత్రం వేళ జ్వరం వస్తున్నా, కఫంలో రక్తపు చారలు కనిపించినా క్షయ పరీక్ష చేయించాలి. అటువంటివేవీ మీ ఉత్తరంలో లేవు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లోనూ కఫం తయారవుతూనే ఉంటుంది, కాకపోతే అది వారికి తెలియదు. శ్వాసనాళాల లోపలి గోడల మీద పలుచని జిగురు పొర ఒకటి పరచుకుని ఉంటుంది. అందులో నూటికి సుమారు 97 పాళ్లు నీరే. మిగిలినది ఉప్పు, రక్షక ప్రోటీన్లు, మ్యూసిన్లు అనే పొడవాటి జిగురు అణువులు. గాలితో పాటు లోపలికి వచ్చిన దుమ్ము, క్రిములు ఆ జిగురుకు అంటుకుంటాయి. దాని అడుగున సిలియా అనే అతి సన్నని నూగు సెకనుకు పది పదిహేను సార్లు ఊగుతూ, ఆ పొరను మొత్తంగా గొంతు వైపుకు నెడుతూ ఉంటుంది. గొంతు దాకా వచ్చిన దానిని మనమందరం పగలూ రాత్రీ తెలియకుండానే మింగుతుంటాము. కఫం మింగడం గురించిన మీ సందేహానికి సగం జవాబు ఇక్కడే ఉంది, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఏళ్ల తరబడి పొగ తగిలినప్పుడు ఈ ఏర్పాటు దెబ్బతింటుంది. నాళాల గోడల్లోని కణాలు, గాలిగదుల్లో కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు పొగను దాడిగా గుర్తించి సాయం కోసం కేకవేస్తాయి. ఆ కేకలే మీరు చదివిన రసాయనాలు. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-8 చేసే పని, రక్తంలో తిరుగుతున్న న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను పిలుచుకురావడం. వాసన పట్టి వెళ్లినట్లుగా అవి ఆ రసాయనం ఎక్కువగా ఉన్న దిక్కుకే కదులుతూ, రక్తనాళపు గోడను దాటి శ్వాసనాళంలోకి చేరుకుంటాయి. ల్యూకోట్రయీన్ బీ4 అనే మరో రసాయనం కూడా ఈ పనే చేస్తుంది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఆ పిలుపును మరింత బిగ్గరగా మార్చేవి. కాబట్టి వీటిని విషాలు అనుకోవడం పొరపాటు. ఇవి మనిషికి అవసరమైన సంకేతాలే. న్యుమోనియా వచ్చినప్పుడు ప్రాణం నిలబెట్టేది కూడా ఈ పిలుపులే. సీఓపీడీలో వచ్చిన చిక్కల్లా, దాడి ముగిసిన తరువాత కూడా పిలుపు ఆగకపోవడం.

అలా వచ్చిన న్యూట్రోఫిల్స్ ఖాళీ చేతులతో రావు. క్రిములను చంపడానికి అవి మోసుకొచ్చే ఆయుధాల్లో ఎలాస్టేజ్ ఒకటి. ఊపిరితిత్తులు సాగి మళ్లీ యథాస్థితికి రావడానికి కారణమైన ఎలాస్టిన్ అనే సాగే నారను కూడా అది తినేస్తుంది. గాలిగదుల మధ్య గోడలు చిరిగి పెద్ద ఖాళీలుగా మారడమే ఎంఫిసీమా. నాళాల్లోనైతే అదే ఎలాస్టేజ్ జిగురు గ్రంథులను రెచ్చగొట్టి మరింత కఫం ఊరేలా చేస్తుంది, సిలియా ఊపును మందగింపజేస్తుంది, గోడ కణాల చేత ఇంకా ఇంటర్‌ల్యూకిన్-8 తయారు చేయిస్తుంది. కంచె చేను మేసినట్లంటే ఇదే. చచ్చిన న్యూట్రోఫిల్స్ నుంచి బయటపడిన డీఎన్‌ఏ పోగులు కఫాన్ని ఇంకా చిక్కబరుస్తాయి. క్రానిక్ బ్రాంకైటిస్ (కఫంతో కూడిన దీర్ఘకాలపు దగ్గు) ఉన్నవారి కఫంలో మ్యూసిన్ల గాఢత ఎక్కువని 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం కొలిచి చూపించింది. మీ నాన్నగారు పొద్దున్నే అంతసేపు దగ్గవలసి రావడానికి కారణం కఫం ఎక్కువ కావడం ఒక్కటే కాదు. అది గోడకు అతుక్కుపోయేంత చిక్కబడడం, దానిని నెట్టవలసిన నూగు సగం చచ్చుబడడం.

ఈ ఎలాస్టేజ్‌కు కళ్లెం వేసే ప్రోటీన్ ఒకటి మన రక్తంలో ఉంది. దాని పేరు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. కాలేయంలో తయారై ఊపిరితిత్తులకు చేరుతుంది. 1963లో స్వీడన్‌కు చెందిన కార్ల్-బెర్టిల్ లారెల్, స్టెన్ ఎరిక్సన్ అనే ఇద్దరు వైద్యులు రక్త నమూనాలను పరిశీలిస్తుండగా, ఐదుగురి రక్తంలో ఆ ప్రోటీన్ ఉండవలసిన చోట ఖాళీ కనిపించింది. ఆ ఐదుగురిలో ముగ్గురికి ఊపిరితిత్తుల జబ్బు ఉంది. కఫంలోని ఒక రసాయనానికీ, ఊపిరితిత్తి చిరిగిపోవడానికీ ఉన్న సంబంధం మనకు తెలిసివచ్చింది ఆ చిన్న ఖాళీ ద్వారానే. పుట్టుకతో ఈ లోపం లేనివారిలో కూడా, సిగరెట్ పొగ ఆ ప్రోటీన్‌ను రసాయనికంగా దెబ్బతీసి దాని పట్టును సడలిస్తుంది. సీఓపీడీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ యాంటీట్రిప్సిన్ రక్తపరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మీ నాన్నగారికి ఇప్పటిదాకా చేయకపోతే అడిగి చేయించండి. లోపం ఉన్నట్లు తేలితే అది వంశపారంపర్యమైనది కనుక మీరు కూడా పరీక్ష చేయించుకోవలసి ఉంటుంది.

పొగ మానేసి నాలుగేళ్లయినా ఇవి ఎందుకు తగ్గలేదని అడిగారు. ఈ ప్రశ్న వెనుక ‘మానేసి ఏం లాభం’ అన్న నిరాశ ఉన్నట్లు నాకు అనిపించింది. నిజమే, మానేసిన తరువాత కూడా చాలామంది కఫంలో న్యూట్రోఫిల్స్, ఇంటర్‌ల్యూకిన్-8 హెచ్చుగానే ఉంటాయి. పైన చెప్పిన చక్రం ఒకసారి తిరగడం మొదలైతే దానికి పొగతో పనిలేకుండా పోతుంది. ఊపిరితిత్తుల్లోని కొల్లాజెన్ అనే గట్టి నార చిరిగినప్పుడు రాలిన చిన్న తునకలు కూడా న్యూట్రోఫిల్స్‌ను పిలవగలవు. కఫం నిలిచిపోయిన చోట హీమోఫిలస్ వంటి బ్యాక్టీరియా కాపురం పెట్టి ఆ పిలుపును కొనసాగిస్తాయి. అయినా మానేయడం వృథా కాలేదు. ఊపిరితిత్తుల సామర్థ్యం ఏటా తరిగిపోయే వేగం, మానేసినవారిలో పొగతాగని వారి వేగానికి దగ్గరగా తగ్గుతుందని 1970ల నుంచి ఇప్పటిదాకా జరిగిన దీర్ఘకాల పరిశీలనలు పదే పదే చూపించాయి. కఫంలో రసాయనాలు మిగిలి ఉన్నా, జబ్బు పరుగు నెమ్మదించిందన్నమాట. మీ నాన్నగారు చేసిన ఆ ఒక్క పనికి సాటివచ్చే మందు ఈ జబ్బులో ఏదీ లేదు. ఆ మాట ఆయనతో అనండి.

పరీక్ష సంగతి. కఫంలో ఇంటర్‌ల్యూకిన్-8 ఎంత, టీఎన్‌ఎఫ్ ఎంత అని అంకె తెలుసుకోవలసిన అవసరం మీకు లేదు. అలాంటి కొలతలు పరిశోధనశాలల్లో ఎంతో విలువైనవి; పైన నేను చెప్పినదంతా మనకు తెలిసింది వాటివల్లే. అయితే వందమందిని పోల్చడానికి పనికివచ్చే అంకె, ఒక్క మనిషికి చికిత్స నిర్ణయించడానికి పనికిరాకపోవచ్చు. కఫంలో ఎంత లాలాజలం కలిసిందన్న దానిని బట్టి అంకె మారుతుంది. జిగురును కరిగించడానికి వాడే రసాయనం కొన్ని ప్రోటీన్లను పాడుచేస్తుంది. కఫంలో ఉన్న ఎలాస్టేజ్ వంటివే పక్కనున్న మరికొన్ని ప్రోటీన్లను కొరికేస్తుంటాయి. అదే మనిషికి ఈ వారం వచ్చిన అంకె పై వారం రాదు. అన్నింటికీ మించి, ఆ అంకె ఎంత వచ్చినా ఆయన మందుల్లో మార్చవలసింది ఏమీ ఉండదు. ఆ పరీక్షకు పెట్టే డబ్బును యాంటీట్రిప్సిన్ పరీక్షకు, ఊది ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే స్పైరోమెట్రీకి, మామూలు రక్తపరీక్షలో ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల లెక్కకు పెట్టండి.

అలాగని కఫాన్ని పట్టించుకోవద్దని నా ఉద్దేశం కాదు. చూడవలసింది దాని రంగు, పరిమాణం, చిక్కదనం. వీటికి యంత్రాలు అక్కరలేదు. ఒక తెల్లని కాగితపు రుమాలు, కిటికీ దగ్గర పగటి వెలుతురు చాలు. పొద్దున వచ్చిన మొదటి తెమడను ఆ రుమాలులో పట్టి చూడమనండి. నీళ్లలా స్వచ్ఛంగానో, గుడ్డులోని తెల్లసొనలా మసకగానో ఉంటే న్యూట్రోఫిల్స్ తక్కువ. లేత పసుపు నుంచి ముదురు ఆకుపచ్చకు వెళ్లేకొద్దీ వాటి గుంపు పెరిగినట్లు లెక్క. ఎందుకంటే న్యూట్రోఫిల్స్‌లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ రంగే ఆకుపచ్చ. 1941లో దానిని వేరుచేసిన స్వీడిష్ శాస్త్రవేత్త షెల్ ఆగ్నర్ మొదట పెట్టిన పేరు వెర్డోపెరాక్సిడేజ్. అంటే ఆకుపచ్చ పెరాక్సిడేజ్ అని. క్రిములను చంపడానికి అది తయారుచేసేది, బట్టలు తెల్లబరిచే బ్లీచ్‌కు దగ్గరి చుట్టమైన ఆమ్లం. అంత ఘాటైన పని మీ నాన్నగారి నాళాల్లో జరుగుతోందో లేదో రుమాలు మీది రంగే చెప్పేస్తుంది. నా దృష్టిలో ఖరీదైన ప్రోటీన్ కొలత కంటే ఇదే మేలు, ఎందుకంటే దీనిని రోజూ చూడవచ్చు, నిన్నటితో పోల్చవచ్చు.

పోల్చడం అన్నదే ఇక్కడ ప్రధానం. కొందరికి ఒంట్లో బాగున్న రోజుల్లో కూడా కఫం లేత పసుపుగానే ఉంటుంది. వారికి అదే మామూలు. మీ నాన్నగారి మామూలు రంగు ఏదో, మామూలుగా ఎంత వస్తుందో ఒక రెండు వారాలు గమనించి రాసిపెట్టుకోండి. ఆ తరువాత ఆయాసం పెరగడం, కఫం పరిమాణం పెరగడం, రంగు ముదరడం అనే మూడూ కలిసి వచ్చాయంటే, లేదా రంగు ముదరడంతో పాటు మిగిలిన రెండింటిలో ఒకటి కనిపించిందంటే, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ఈ మూడు లక్షణాల కొలబద్ద 1987లో కెనడాలో జరిగిన అధ్యయనం నుంచి వచ్చింది. యాంటీబయాటిక్ ఎవరికి ఉపయోగపడుతుందో తేల్చడానికి నేటికీ డాక్టర్లు దానినే ఆశ్రయిస్తారు. రంగు మారకుండా ఆయాసం మాత్రమే పెరిగితే కారణం వైరస్ కావచ్చు, గుండె కావచ్చు, అప్పుడు యాంటీబయాటిక్‌తో ఒరిగేది తక్కువ. కాబట్టి ఇంట్లో మిగిలిన పాత మాత్రలు వేసేయకండి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదవులు నీలిబారడం, మగతగా ఉండడం, వేలికి పెట్టే పరికరంలో ఆక్సిజన్ 88 శాతం కంటే తక్కువకు పడిపోవడం, నోటి నుంచి రక్తం పడడం — వీటిలో ఏది కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఒళ్లు నొప్పుల మాత్రలు వద్దు. ‘వాపు’ అన్న మాట ఒక్కటే కావడంతో చాలామంది ఈ పొరపాటు చేస్తారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ప్రోస్టాగ్లాండిన్లు అనే వేరొక జాతి రసాయనాలను ఆపుతాయి. సీఓపీడీ కఫంలోని న్యూట్రోఫిల్స్ వాపును అదుపు చేయలేవు. ఈ వయసులో వాటిని రోజూ వాడితే మూత్రపిండాలకు, కడుపుకు, గుండెకు చేటు. స్టెరాయిడ్ మాత్రలు కూడా రోజూ వేసుకునేవి కావు. జబ్బు హఠాత్తుగా ముదిరినప్పుడు ఐదు రోజులు వాడితే మేలు చేస్తాయి, అంతవరకే. న్యూట్రోఫిల్స్ విచిత్రం ఏమిటంటే స్టెరాయిడ్ తగిలితే అవి త్వరగా చావడానికి బదులు ఇంకొంత ఎక్కువ కాలం బతుకుతాయి.

మరి పిలుపునే నేరుగా ఆపేస్తే? వైద్యులకూ ఈ ఆలోచన వచ్చింది. ఇంటర్‌ల్యూకిన్-8ను పట్టి బంధించే యాంటీబాడీని ప్రయత్నించి 2004లో ఫలితాలు ప్రకటించారు. ఆయాసంలో కొద్దిపాటి ఊరట తప్ప ఊపిరితిత్తుల సామర్థ్యంలో మార్పు రాలేదు. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో చేసిన ప్రయోగం కూడా 2007లో నిరాశే మిగిల్చింది. ఒక పిలుపును ఆపితే ఇంకొక రసాయనం ఆ పని చేసిపెడుతుంది. అన్నింటినీ ఆపితే క్రిముల నుంచి కాపాడేవారు ఉండరు.

అయితే చేయగలిగింది లేదని అనుకోకండి. సీఓపీడీ ఉన్నవారిలో కొందరి కఫంలో న్యూట్రోఫిల్స్‌తో పాటు ఇయోసినోఫిల్స్ అనే కణాలు కూడా ఎక్కువగా ఉంటాయి. వారికి పీల్చే స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది. ఇది తెలుసుకోవడానికి కఫం అక్కరలేదు, రక్తంలో వాటి లెక్క మైక్రోలీటరుకు 300 పైన ఉందా, 100 కంటే తక్కువ ఉందా అని చూస్తే చాలావరకు తెలుస్తుంది. 300 దాటినవారికి, మూడు రకాల పీల్చే మందులు వాడుతున్నా జబ్బు పదే పదే ముదురుతుంటే, డ్యుపిలుమాబ్ అనే ఇంజెక్షన్‌ను 2024లో యూరప్, అమెరికా ఆమోదించాయి. 100 కంటే తక్కువ ఉన్నవారికి పీల్చే స్టెరాయిడ్ వల్ల లాభం స్వల్పం, న్యుమోనియా ముప్పు మాత్రం ఉంటుంది. కఫం బాగా పడుతూ తరచు జబ్బు ముదిరేవారికి రోఫ్లుమిలాస్ట్ మాత్ర, చాలాకాలం తక్కువ మోతాదులో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వంటి మార్గాలు ఉన్నాయి. అజిత్రోమైసిన్‌కు ముందు ఈసీజీ తీయాలి, వినికిడి గమనించాలి, క్షయ జాతి క్రిములు లేవని కఫం పరీక్షతో నిర్ధారించుకోవాలి. వీటిలో మీ నాన్నగారికి ఏది తగునో ఆయనను చూసే డాక్టరే చెప్పగలరు; అడగడానికి మీకు మాటలు అందాలనే ఇంత వివరంగా రాశాను.

బాగున్న రోజుల్లో కూడా కఫం ముదురు ఆకుపచ్చగా, దండిగా పడుతుంటే మాత్రం ఇంకో విషయం ఆలోచించాలి. శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పై కఫం నిలిచిపోయే బ్రాంకియెక్టాసిస్ సీఓపీడీతో కలిసి ఉండవచ్చు. దానిని సీటీ స్కాన్‌లో చూడాలి, కఫాన్ని కల్చర్‌కు (ఏ క్రిములు ఉన్నాయో పెంచి చూసే పరీక్షకు) పంపాలి. ఆ జబ్బులో, ఎలాస్టేజ్ వంటి ఎంజైములు న్యూట్రోఫిల్స్ లోపల సిద్ధం కాకుండా అడ్డుకునే బ్రెన్సోకాటిబ్ అనే మాత్రకు 2025లో అమెరికా అనుమతి ఇచ్చింది. కఫంలోని రసాయనాల మీద దశాబ్దాలుగా సాగిన పరిశోధన ఒక మందుగా చేతికి రావడం నాకు ఎంతో సంతోషం కలిగించిన వార్త. అది బ్రాంకియెక్టాసిస్‌కు ఇచ్చిన అనుమతి, సీఓపీడీకి కాదు.

పొద్దుటి దగ్గు మాటకు వస్తే, బలంగా దగ్గుతూ అలసిపోవడం కంటే మెల్లగా కఫాన్ని పైకి తేవడం మేలు. నాళాలను వెడల్పు చేసే ఇన్‌హేలర్‌ను ముందుగా పీల్చి, పది పదిహేను నిమిషాలు ఆగమనండి. కుర్చీలో నిటారుగా కూర్చుని నాలుగైదు నిండు శ్వాసలు తీసుకుని, ఒక్కొక్క దానిని రెండు మూడు సెకన్లు నిలిపి వదలాలి. ఆ తరువాత నోరు గుండ్రంగా తెరిచి, అద్దం తుడిచే ముందు దాని మీద ఆవిరి పట్టించినట్లుగా ‘హా’ అంటూ గాలిని వదలాలి. రెండు మూడు సార్లు అలా చేశాక గొంతు దగ్గర గరగర వినిపిస్తుంది; అప్పుడు ఒక్క దగ్గు చాలు. మధ్యమధ్య మామూలుగా ఊపిరి తీసుకుంటూ పది పదిహేను నిమిషాలు ఇలా చేయవచ్చు. ఫిజియోథెరపిస్టు ఒకసారి దగ్గరుండి నేర్పితే ఇంకా మంచిది. దగ్గును అణిచే సిరప్‌లు ఇవ్వకండి, బయటకు రావలసినది లోపలే ఉండిపోతుంది.

చివరిది, మింగేయడం. మింగిన కఫంలోని ఇంటర్‌ల్యూకిన్లు, ఎలాస్టేజ్ అన్నీ ప్రోటీన్లే. కడుపులోని ఆమ్లం, జీర్ణరసాలు మిగతా ప్రోటీన్లలాగే వాటినీ ముక్కలు చేస్తాయి. అవి అలాగే రక్తంలోకి వెళ్లి ఇంకొక అవయవాన్ని పాడుచేయవు. సీఓపీడీ ఉన్న కొందరి రక్తంలోనూ వాపు గుర్తులు హెచ్చుగా కనిపించడం నిజమే గానీ, దానికి కారణం కఫం మింగడం కాదు. నలుగురిలో ఉన్నప్పుడు మింగారని ఆయనను మందలించకండి. ఇంట్లో మాత్రం మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి, తెల్ల రుమాళ్లు కొన్ని ఆయన మంచం పక్కన పెట్టండి. రోజుకు ఒక్కసారి, పొద్దుటి తెమడను మాత్రం మింగకుండా అందులో ఉమ్మి, దాని రంగు మీకు చెప్పమనండి.